తుంటి మీద అరచేయి

స్పిరిట్ సీసా మూత తీయగానే ఆ చల్లని ఘాటుకు క్యాసంబళ్ళిలోని మా క్లినిక్ మసకబారి, మారికుప్పం స్టేషన్ దగ్గరి ఇంకో గది నా కళ్ళ ముందు తేలుతుంది. బెంగళూరు రైలు వెళ్ళిపోయాక అక్కడ వీధంతా కునుకు తీసేది. కిటికీలోంచి, బంగారు గనుల వ్యర్థం పోసిన సైనైడు దిబ్బల తెల్లటి దుమ్ము మెల్లగా దిగుతూ ఉండేది. ఆ దుమ్ములోనే, కలలో మనిషిలా, తెల్ల చీరలో స్టెల్లా సిస్టర్ కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో డాక్టర్ల చీటీలు చూసి సూదులు వేసేది. నర్సింగ్ ముగించి ఆమె దగ్గర చేరిన నేను రాగి పండించే ఇంటి పిల్లను. నడుముకూ తొడకూ మధ్య భాగం పేరు పైకి అనాలన్నా నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ సిగ్గు వదిలించడానికి సిస్టర్ తన ఒంటినే పాఠం చేసింది. మధ్యాహ్నాలు చాప మీద పక్కకు తిరిగి పడుకుని, నా అరచేతిని లాగి చీర మీదుగా తన తుంటి మీద పెట్టుకునేది.

"ఈడ గట్టిగా తగులుతా ఉండాదే, అది తొడ ఎముక గుబ్బ. నడుము వెనకాల సొట్ట చూడు, ఆడ తుంటెముక కొస. రెంటికీ కలిపి ఒక గీత గీసుకో జయా. సూది ఎప్పుడూ గీతకు పైన, బయటి పక్క."

గీతకు కింద, పిరుదు కండరాల అడుగున, కటి ఎముకల గూట్లోంచి బయటికొచ్చి పాదం దాకా దిగే పెద్ద నరం ఉంటుంది. దాదాపు బొటనవేలంత లావు. ఆమె చెబుతూ ఉంటే నాకు నిద్రమత్తులో మనిషి లోపలి దారులన్నీ కనబడేవి. "మా నాయిన గనిలో రాతిని తట్టి వినకుండా డ్రిల్లు పెట్టేటోడు కాదు. నువ్వూ ఎముకను తడమకుండా సూది ఎత్తొద్దు" అనేది. నేను బుద్ధిగా తలూపేదాన్ని. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్ళినప్పుడు, మా ఊరి వైపు రైతు మునియప్ప నడుము నొప్పికి డాక్టరు రాసిన సూది మందు తెచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకున్నాడు. ఆడపిల్ల ముందు నిక్కరు నడుము దగ్గర దించలేక, కింది అంచునే పైకి మడిచాడు. దించమనడానికి నాకూ నోరు రాలేదు. చేత్తో తడమడానికి మొహమాటపడి, కనబడిన కాస్త చర్మాన్నే మొత్తం అనుకుని, నర్సింగ్‌లో నేర్పినట్టు మనసులో నాలుగు భాగాలు చేసి, పైన బయటి భాగంలో గుచ్చాను. నేను పైభాగమనుకున్నది నిజానికి పిరుదు కింది సగం. ఆయన కాలు కరెంటు కొట్టినట్టు అదిరింది. అప్పుడైనా సూది లాగేయాల్సింది. కంగారులో మందంతా ఎక్కించేశాను.

సిస్టర్‌కు చెప్పలేదు. మూడోనాడు మునియప్ప పాదం ఈడ్చుకుంటూ వచ్చాడు. "ఎందుకో పాదం పైకి లేచేది లేదు సిస్టరమ్మా. గాలి సోకిందేమో" అన్నాడు. ఆమె ఆయన కాలు చూసి, తర్వాత నా మొహం చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"గాలి కాదప్పా. జయా, నువ్వే చెప్పాల."

చెప్పాను. సగం మాటలు ఏడుపులోనే పోయాయి. మునియప్ప కాలు నిమురుకుంటూ, "నేనే సిగ్గుపడి నిక్కరు పైకెత్తినాను. పాప తప్పేముండాది?" అన్నాడు.

"సిగ్గు నీదప్పా. చూసుకోవాల్సింది మేము" అంది సిస్టర్.

ఆరోజే ఆయన్ని కోలారు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నరానికి దెబ్బ తగిలింది, కాలు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. ఇక జన్మలో సూది పట్టనన్నాను. మరుసటి రోజు సిస్టర్ తాను వేసుకునే బలం సూది మందు నా చేతికిచ్చి బల్ల మీద పడుకుంది.

"భయంగా ఉంది సిస్టర్."

"ఉండనీ. చెయ్యి పెట్టు."

ఆమె తుంటి మీద నా అరచేయి ఎంతసేపు నిలిచిందో గుర్తులేదు. నేను సూది వేసేదాకా ఆమె తొందరపెట్టలేదు. నన్ను నమ్మి అలా కళ్ళు మూసుకున్న మనిషిని మొన్నటిదాకా నేను మళ్ళీ చూడలేదు.

ప్రతి ఆదివారం చర్చి కాగానే ఇద్దరం బస్సెక్కి మునియప్ప ఊరు పోయేవాళ్ళం. అరుగు మీద ఆయన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు చూపినట్టు మెల్లగా పైకి వంచేవాళ్ళం. ఆ ఏడు ఆయన రాగి చేను పరాయివాళ్ళు కోశారు. ఆయన గట్టు మీద కూర్చుని చూస్తుంటే నేను తలెత్తలేకపోయాను. ఏడో నెలలో ఒకనాడు బొటనవేలు వణికి, పైకి లేచింది. "లేసింది! ఇంగోసారి లేపప్పా!" అని సిస్టర్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పాదం చాలావరకు వచ్చింది. పూర్తిగా రాలేదు. ఆ కాలి చెప్పు నేటికీ జారిపోతూనే ఉంటుంది.

పోయిన వానాకాలంలో సిస్టర్ కన్నుమూసింది. మొన్న మునియప్ప సూది వేయించుకోడానికి మా క్లినిక్‌కు వచ్చి, నా కోసం గంటసేపు బెంచీ మీద కూర్చున్నాడు. నాకంటే చెయ్యి తిరిగిన నర్సు ఖాళీగానే ఉంది. "ఆమె దగ్గర వేయించుకుని ఉండొచ్చు కదప్పా?" అన్నాను.

"ఆయమ్మకు భయం లేదు పాపా" అన్నాడాయన. "నీకుండాది."

ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, తుంటి మీద అరచేయి పెట్టాను. ఎముక దొరికేదాకా వెతికాను. మునియప్ప, ఎంతసేపైనా పరవాలేదన్నట్టు, కళ్ళు మూసుకుని పడుకున్నాడు.