మడిచిన వేలు

డెబ్బైల మొదట్లో సంగతి. పొద్దున్నించీ కొల్లేటి గట్ల మీద పక్షుల్ని చూస్తూ నడిచి, హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. పక్కసీట్లో ఖాళీ చేపల తట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. దారిలో తుమ్మచెట్ల మీద కొంగల గూళ్ళు కనిపిస్తే, "అదుగో, పిల్లలు కూడా ఉన్నాయి," అని వేలు చూపించాను. ఆవిడ నా వేలు పట్టుకుని మెల్లగా మడిచింది.

"గుమ్మడి పిందెనైనా, పక్షి పిల్లనైనా వేలు మడిచే చూపించాలి బాబూ. లేకపోతే దక్కవు."

"మీ చేపలు తినేవి ఇవేగా?"

"తింటాయి. అయినా పిల్లలు పిల్లలే గదా."

నాకు అలాంటి నమ్మకాలు లేవు. మొన్న ఆసుపత్రిలో అద్దం అవతలి ఉయ్యాలలు చూస్తూ, "మీ మనవరాలు ఎవరండీ?" అని పక్కాయన అడిగితే, వేలు మడిచే చూపించాను.