ఏరియూరులో పొట్టి వరుస

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి జూన్‌లో నన్ను తమిళనాడులోని ధర్మపురికి వేశారు. ఒక ట్రస్టు నడిపే ఆరు ఉచిత రక్తపరీక్షా కేంద్రాలకు నలుగురు టెక్నీషియన్లను తిప్పడం నా పని. ఎవరు ఏ రోజు ఏ ఊళ్లో కూర్చోవాలో రాసే పట్టీని రోస్టర్ అంటాం. వరుస ఎక్కడ పొడవుంటే అక్కడికి మనిషిని పంపాలి. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని నాకు అప్పట్లో కాస్త పొగరు.

ప్రతి కేంద్రంలోనూ పది గంటలకు ఎంతమంది నిలబడ్డారో రాయించాను. హరూర్‌లో వరుస వీధిలోకి వచ్చేది. ఏరియూరులో ముగ్గురో నలుగురో ఉండేవారు. అందుకని ఏరియూరుకు వారంలో ఉన్న రెండు రోజుల్లో ఒకటి తీసి హరూర్‌కు ఇస్తూ కొత్త రోస్టర్ రాశాను, సంతకమే మిగిలింది.

ఏరియూరు టెక్నీషియన్ మునియమ్మ నేరుగా నా గదికి వచ్చింది. ఇంట్లో తెలుగే అయినా ఆమె చదివింది తమిళం. "సంతకం పెట్టకముందు ఒక దినం నాతో రాండి సార్. ఏడింటికి అక్కడ ఉండల్ల," అంది. చిరాకుపడుతూనే వెళ్లాను.

ఏడింటికి గేటు ముందు ముప్పైమందికి పైగా ఉన్నారు. అందరూ కూలికి పోయేవాళ్లు, షుగర్ పరీక్షకని పరగడుపున వచ్చారు. తలుపు తొమ్మిదికి తెరవాలని నియమం పెట్టింది నేనే. ఎనిమిదికి కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ వ్యాను రాగానే వరుసంతా ఎక్కేసింది. పుండుపడ్డ కాలి వేలికి గుడ్డ చుట్టుకున్న లక్ష్మి అనే ఆమె, "మూడు తూర్లు వచ్చినాను సార్. రగతం ఇచ్చేదానికి నిలిస్తే పని పోతాది," అంటూ ఎక్కింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మునియమ్మ దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. ఆరున్నరకు ఏరియూరులో రక్తం తీసి, ఎనిమిదిన్నర బస్సులో ఐసు పెట్టెతో సహా, జనం ఆలస్యంగా వచ్చే పక్క కేంద్రానికి పోతానంది. సరేనని ఏరియూరుకు రెండు రోజులూ ఉంచాను. కొత్త మనిషి అక్కర్లేకుండానే రెండు చోట్లా పని జరిగింది. అలా ఆ పక్క కేంద్రంలో ఖాళీ అయిన టెక్నీషియన్‌ను హరూర్‌కు పంపాను. మరుసటి వారం లక్ష్మికి షుగర్ విపరీతంగా ఉందని తేలి, ఆ రోజే ఆసుపత్రికి పంపాం. వేలు తీసేయకుండానే పుండు మానింది.

ఏళ్ల తరబడి రోస్టర్లు రాసిన నాకు తట్టనిది, రోజూ బస్సు దిగి నడిచే మునియమ్మకు తట్టింది. ఆమె మీద గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు. పది గంటలకు నేను లెక్కపెట్టించిన వాళ్లందరూ ఆగగలిగినవాళ్లు. ఆగలేనివాళ్లు ఏ రిజిస్టరులోనూ ఉండరు. వాళ్లు వెళ్లిపోకముందే మనం అక్కడికి చేరాలి.