వెలుగుతున్న ట్యూబు మార్పించిన మామ్మ

మా పక్క పోర్షన్ మామ్మ పోయిన గురువారం చనిపోయింది. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిలో ఉన్న నాకు ఇంటి ఓనరు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఆ మొక్కల లైటు ఆపేశానయ్యా, మనిషే లేదు, కరెంటు దండగ" అన్నాడు. మనిషింకా మంచం మీదే ఉంది.

ఆ లైటు సంగతి మీకు చెప్పాలి. భవానీపురంలో మా పోర్షన్లకి మూడు పక్కలా గోడలే. కుండీలు పెడితే స్లాబు కారుతుందని ఓనరు మేడ తలుపుకి తాళం వేశాడు. మామ్మ తన బిగోనియా పూలమొక్కలన్నీ లోపలి గదిలో అరలో పెట్టి, వాటికి జానెడు ఎత్తున నా చేత రెండు ట్యూబులైట్లు బిగించింది. "తాళం ఎండకి వేశాడు. నాకు కాదుగా అబ్బాయ్!"

ఏడాది తిరిగేసరికి మళ్లీ పిలిచింది, ట్యూబులు మార్చమని. అంచులు నల్లబడి టపటపా కొట్టుకునేదాకా మనలో ఎవడైనా ట్యూబు మారుస్తాడా?

"వెలుగుతోంది కదా మామ్మా!"

"నీ కంటికి వెలుగుతోంది. ఆకుల్నడుగు."

నిజమే. పొద్దస్తమానం వెలిగే ట్యూబు సత్తువ ఏడాదికే తగ్గిపోతుంది. మన కంటికి తెలీదు. మొక్కకి తెలుస్తుంది. కాడలు సన్నగా పైకి సాగిపోతాయి, మొగ్గలు రావు. అందుకే కొత్త ట్యూబు అంచున మామ్మ స్కెచ్ పెన్నుతో నెల పేరు రాసేది. తీసేసినవి నా గదిలో పెట్టించేది. "మొక్కకి చాలదు గానీ నీ చదువుకి బోలెడు." మూడో క్లాసులో బడి మానేసిన నేను అక్షరాలు కూడబలుక్కుంది ఆ వెలుతుర్లోనే.

సమాధుల దొడ్డిలో మామ్మని పూడ్చి వచ్చేసరికి మామ్మ గదికి కూడా తాళం.

"రేపు సున్నాలు. కుండీలు మేడ మీద పడేస్తా" అన్నాడు ఓనరు. ఇన్నాళ్లూ ఒప్పుకోని మేడ! అదీ నీడన పెరిగినవాటిని, మే నెల ఎండలో!

"తాళం తియ్యండి."

"నువ్వేం చుట్టానివయ్యా ఆవిడకి?"

"లైట్లు బిగించినోణ్ణి. తియ్యండి."

తీశాడు.

ఇప్పుడు కుండీలు, ట్యూబులైట్లతో సహా, ఆటోనగర్‌లో మా షెడ్డులో లేతు పక్కనున్నాయి. "ఇనుము కోసే చోట పూలేంట్రా!" అంటున్నాడు మేస్త్రి. అననీ. మామ్మ ట్యూబుల మీద నెల చూశాను. ఏడాది దాటిపోయింది, మంచాన పడ్డాక నన్ను పిలవలేకపోయింది. శుభ్రంగా వెలుగుతున్నవాటిని తీసేసి కొత్తవి వేశాను. అంచున ఈ నెల పేరు నేనే రాశాను, లావుపాటి అక్షరాలతో.

వాటి కింద, సన్నగా సాగిపోయిన కాడలన్నీ ఇంకా తలెత్తుకునే ఉన్నాయి.