కాలు లాగితే తల లేస్తుంది

గుంటూరు కాలేజీలో మాకు బయోకెమిస్ట్రీ చెప్పిన మేడమ్‌కి బోర్డు మీద బొమ్మ గీయడం నచ్చేది కాదు. మమ్మల్నే బొమ్మలు చేసేవారు. కణం తన చుట్టూ ఉన్నదాన్ని పట్టుకోవడానికి వాడే ఇంటెగ్రిన్ పాఠం వస్తే, అందరినీ మిరపకాయలు కోసేవాళ్ళలా వంగోబెట్టేవారు.

"ఇంటెగ్రిన్ పనిలేనప్పుడు ఇలాగే తల వాల్చుకుని ఉంటుంది. తల కణం బయట, కాలు లోపల. లోపలున్న టాలిన్ అనే ప్రొటీన్ తన తలభాగంతో ఆ కాలు పట్టి లాగాలి. అప్పుడే ఇది నిటారుగా లేచి, ఎదురున్నదాన్ని పట్టుకుంటుంది."

"కాళ్ళు లాగుతున్నాయి మేడమ్!" అని మూలిగేవాళ్ళం.

"లాగాలి నాయనా! లాగితేనే లేస్తారు," అనేవారు, నవ్వకుండా.

ప్రాక్టికల్స్ రోజు పొద్దున కూడా వంగోబెట్టారు. అప్పుడే ఎగ్జామినర్ గారు వచ్చారు. క్లాసు క్లాసంతా తనకే దండం పెడుతోందనుకుని పొంగిపోయి, "శుభం, శుభం! లేవండర్రా!" అన్నారు. మార్కులు ఆయన చేతిలోనే ఉన్నా, మేడమ్‌కి భయపడి ఒక్కడూ లేవలేదు.

"మాటకి లేవరండీ. కాలు లాగాలి," అన్నారు మేడమ్.

పాపం, ఆయన సంచి పక్కన పెట్టి, కూర్చుని నా కాలు లాగారు. నేను తూలి, చటుక్కున లేచి ఆయన భుజం పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు వచ్చారు. "అయ్యో సార్! పాస్ చెయ్యమని మేం కదండీ మీ కాళ్ళు పట్టుకోవాల్సింది!"

మేడమ్ మాత్రం నా చేతినే చూస్తూ మురిసిపోయారు.

"చూశారా, పట్టుకుంది!"