వంజరం సొన

2015 ఆగస్టు చివర్లో నేను మస్కట్‌లో ఒక టూరిస్టు ఫిషింగ్ బోటుకి నఖుదాని. నఖుదా అంటే బోటు నడిపే పెద్ద. ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ రాజీపడి విడిపోయాం కాబట్టి, జీవితంలో నాకు దక్కిన హోదా అదొక్కటే. నా కింద ఒకే ఒక్క ఖలాసీ, మా అక్క మొగుడు అప్పన్న. ఇంటి దగ్గర బావ వస్తే నేను లేచి నిలబడాలి. బోటెక్కితే నా మాట మీద ఆయన తాడు పట్టాలి. ఈ ఏర్పాటు ఆయనకి ఎప్పుడూ రుచించలేదు.

ఆ నెలల్లో వంజరం గుడ్లు పెడుతుంది కనక దాని వేట నిషేధం. వల వేసి బతికే ఒమానీ జాలర్లకీ, ఖురం బీచి హోటళ్ల నుంచి సరదాగా గాలం వేయడానికొచ్చే మా గెస్టులకీ రూలు ఒకటే. కానీ వంజరం మీదే బతికేవాళ్లు వలలు మడిచి ఒడ్డున కూర్చునేవారు. మేము వేరే చేపల పేరు చెప్పి రోజూ వెళ్లేవాళ్లం. పొరపాటున వంజరం తగిలితే, చచ్చినదైనా సరే, సముద్రంలో వదిలేయాలి. ఉంచుకుంటే బోటు ఆగిపోతుంది, మమ్మల్ని ఆ దేశంలో ఉండనిచ్చే బతాకా కార్డులకీ ముప్పే.

ఆ రోజు గెస్టు గాలానికి వంజరమే తగిలింది. గాలాన్ని మొప్పల దాకా మింగేసింది, పైకి లాగేసరికి ప్రాణం లేదు. గెస్టు ఫొటో తీసుకున్నాక పడేయమన్నాను.

"సచ్చిన సేపని నీల్లలో పారేత్తారేటి? గంగమ్మ నవ్వుద్ది" అన్నాడు బావ.

"గంగమ్మని నవ్వనీ బావా. కోస్టుగార్డుకి నవ్వు రాదు. పడేయ్."

నేను స్టీరింగు దగ్గరికి వెళ్లిన కాసేపటికి వెనక చేప నీళ్లలో పడ్డ చప్పుడైంది.

తిరిగొస్తుంటే జెట్టీ మీద ఫిషరీస్ ఇన్‌స్పెక్టరు కనిపించాడు. పక్కన నలుగురైదుగురు జాలర్లు. అప్పటిదాకా నన్ను దెప్పుతూ కూర్చున్న బావ నోరు మూసేశాడు. మా బావ మౌనం తుపాను హెచ్చరికతో సమానం.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ నేదు. అన్నం కేరేజీలో సొనుంది."

మా తీరంలో సొన ఉన్న చేపని కడుపు కోయకుండా ఎవరూ వదలరు. కోసినవాడిదే సొన. ఈయన ఆ ఆచారం ప్రకారం గుడ్ల తిత్తులు రెండూ తీసుకుని, మిగతాది సముద్రానికిచ్చాడు.

"సేపని పడేయమన్నావు. సొనని పడేయమన్నావేటి?"

జవాబు చెప్పే తీరిక లేదు. ఇప్పుడు విసిరితే ఒడ్డు మీద అందరూ చూస్తారు. దాచితే, మూత తీసిన మరుక్షణం ఇద్దరికీ ఊరి ప్రయాణమే. బోటు కట్టీ కట్టగానే, అడక్కముందే, క్యారేజీ ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. గెస్టు ఫొటో చూపించాడు. ఇన్‌స్పెక్టరు మూత తీసి చూశాడు. ఒక ముసలి జాలరి గిన్నెలోకి వంగి అరబ్బీలో ఏదో అన్నాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని హిందీలో నాకు చెప్పాడు: ఇందులో ఉన్నవి తమ వచ్చే ఏటి చేపలట.

నిషేధం ముగిసేదాకా బోటు కట్టేశారు. నేనే ముందు చెప్పినందుకు కార్డుల జోలికి రాలేదు. కానీ బోటు సొంతదారైన మా కంపెనీ బావని ఊరి లోపల, ఘాలాలో ఉన్న తన గ్యారేజీకి మార్చేసింది. సముద్రం తప్ప మరో పని ఎరగని మనిషి, ఆ తర్వాత మళ్లీ బోటెక్కలేదు. అక్క ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది, "నీ నోటితోనే సెప్పాలేట్రా?" చెప్పకపోతే ఇద్దరం పోయేవాళ్లమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

బోటు మళ్లీ నా చేతికొచ్చాక, ఏటా నిషేధపు నెలల్లో తాడు కట్టకముందే ఐసు పెట్టెలూ మా క్యారేజీలూ మూతలు తీసి, జెట్టీ మీదున్న జాలర్లకి చూపించేవాణ్ణి. కంపెనీ నన్ను ఈ పని చేయమనలేదు. ఇన్‌స్పెక్టరు ఎప్పుడో ఒకసారి వస్తాడు. వేట మానుకుని ఒడ్డున కూర్చున్న జాలరి రోజూ ఉంటాడు. సరదా బోటు నడిపేవాడు ముందుగా జవాబు చెప్పుకోవాల్సింది అతనికే.