ప్రింటు తీయని రెండో పేజీ

తెనాలిలో మా మిల్లు కూత రోజుకు రెండుసార్లు వినిపించేది. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి. కోతలు మొదలైన రోజు నుంచి ఆఖరి బస్తా ఆడేదాకా ఒక్కరోజు కూడా ఆ కూత ఆగకూడదని మా తాత నియమం. వడ్లు రాని రోజున ఉత్త మిల్లు తిప్పించి మరీ కూత వేయించాడని చెప్పుకునేవారు. చిన్నప్పుడు నాకది గొప్పగా ఉండేది. లీనియర్ ప్రోగ్రామింగ్ చదువుకున్న మనవణ్ణి నేను కూడా అదే పని చేశాను. కాకపోతే నేను ఉత్త మిల్లును కాగితం మీద తిప్పాను.

నాకు ఊహ తెలిసేనాటికే పొలాలు చాలావరకు పోయాయి. మిగిలినవి మూడు మిల్లులు. తెనాలిది తాత కట్టించింది. బాపట్లది పెదనాన్న చూసేవాడు, ఆయన పోయాక ఆయన కొడుకు, అంటే మా అన్న చూస్తున్నాడు. రేపల్లెది అన్నిటికన్నా చిన్నది, ఆఖర్న కొన్నది. అక్కడ మా ఇంటి మనిషెవరూ లేరు. ముప్పై ఏళ్ళుగా ఒక సాయిబు మేస్త్రి దాన్ని నడుపుతున్నాడు. నాన్న పోయాక తెనాలి మిల్లు ఆఫీసు కుర్చీ నాకు వచ్చింది. నిటారు వీపున్న టేకు కుర్చీ. అందులో వాలి కూర్చోవడం కుదరదు. మా వాళ్ళెవరూ కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు.

ఒక ఏడాది, మా చేతిలో ఉన్న పెట్టుబడితో రెండు మిల్లులే నడుస్తాయని తేలిపోయింది. బాపట్లకు మంచి రకం వడ్లు వాకిట్లోకే వస్తాయి కాబట్టి దాని జోలికి పోలేం. మూస్తే తెనాలి మూయాలి, లేకపోతే రేపల్లె. ఆ మాట అన్న తన నోటితో అనలేడు, నేనూ అనలేను. బాపట్ల గోదాములో బస్తాల మీద కూర్చుని అన్నే దారి చెప్పాడు.

"నువ్వు ఆ చదువేదో చదివావు గదరా. కంప్యూటర్నే అడుగు. అది ఏది మూయమంటే అది మూద్దాం. రేపు చుట్టాల్లో మన మీద మాట రాకుండా ఉంటుంది."

"కంప్యూటర్ దానంతటది చెప్పదన్నయ్యా. మనం రాసిందే లెక్కకడుతుంది."

"అదేగా నేననేదీ? రాసెయ్."

అన్నకు చెప్పినంత తేలిగ్గానే ఇక్కడా చెబుతాను. ఏ ఊరి వడ్లు ఏ మిల్లుకు ఎన్ని బస్తాలు పంపాలన్నది తెలియనిది. అది కనుక్కోవాలి. ఖర్చులు పోను మిగిలేది వీలైనంత ఎక్కువ ఉండాలన్నది లక్ష్యం. లారీలు ఇన్నే ఉన్నాయి, డ్రయ్యర్ రోజుకు ఇంతే ఆరబెడుతుంది, పెట్టుబడి ఇంతకు మించదు అన్నవి షరతులు. ఆ షరతుల్లో దేన్నీ దాటకుండా, లక్ష్యం అన్నిటికన్నా పైకి వెళ్ళే చోటును వెతకడమే లీనియర్ ప్రోగ్రామింగ్ అనే ఈ విద్య. కాలేజీలో మాకు కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగి లెక్కతో ఇది నేర్పారు. ఆ లెక్కలో వడ్రంగికి తాత లేడు.

వివరాల కోసం రేపల్లె వెళ్ళాను. మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ మేస్త్రిని 'నువ్వు' అనే అనేవాళ్ళు. నేనూ అంతే. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు. నేను వెళ్ళేసరికి లారీ మీద నుంచి పిడికెడు వడ్లు తీసి, ఒక గింజ పంటి కింద పెట్టి నొక్కుతున్నాడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. తేమ కొలిచే మీటరు పక్క బల్ల మీదే ఉంది.

"మీటరు కొనిచ్చాం గదా మేస్త్రీ?"

"దాన్ని సరిచూడ్డానికే కొరుకుతున్నానండీ. రెంటికీ పేచీ వస్తే మీటరుకి సెల్లు మారుస్తా. నాకు పళ్ళు మార్చేవాడు లేడు గదా!"

హమాలీలు నవ్వారు. నేను రాసుకోవడం మొదలుపెట్టాను. లోపాలు అడగకుండానే చెప్పాడు. సముద్రపు గాలి తిరిగితే డ్రయ్యర్ గంటన్నర ఎక్కువ తీసుకుంటుందన్నాడు. పాత బాయిలరు, తెనాలి దానికంటే ఊక ఎక్కువ మింగుతుందన్నాడు. నూక కూడా కాస్త ఎక్కువే పడుతుందన్నాడు.

"ఇవన్నీ చెప్తే నీ మిల్లుకే దెబ్బ మేస్త్రీ," అన్నాను.

"దాస్తే ఎట్టాగండీ? నేను అబద్ధం చెప్తే మీ లెక్క కూడా అబద్ధమే చెప్తది."

తెనాలి వచ్చి ఆ టేకు కుర్చీలో కూర్చుని లెక్క వేశాను. రేపల్లె లోపాలన్నీ, మేస్త్రి చెప్పినవి చెప్పినట్టే వేశాను. ఫలితం ఒక్క క్షణంలో వచ్చింది. బాపట్ల నిండుగా నడవాలి, రేపల్లె నిండుగా నడవాలి, తెనాలికి సున్నా.

కారణం కళ్ళ ముందే ఉంది. రేపల్లె చుట్టుపక్కల పల్లపు ఊళ్ళ వడ్లు తేమతో వస్తాయి. వాటిని రేపల్లెలో ఆరబెట్టకుండా తెనాలికి తెస్తే, గింజతో పాటు నీళ్ళకూ లారీ కిరాయి కట్టినట్టే. పైగా మా తెనాలి మిల్లు చుట్టూ బజారు పెరిగిపోయింది. పగలు లారీ లోపలికి రావడమే గగనం. డ్రయ్యర్ కూడా లేదు. పాత బాయిలరు తినే ఊక వీటి ముందు ఎంతని?

ఆ సున్నాను చాలాసేపు చూశాను. తరువాత షరతుల కింద ఇంకో వరుస చేర్చాను. తెనాలి మిల్లు సీజనులో ఏ రోజూ ఇన్ని బస్తాలకు తక్కువ ఆడకూడదు. కూత ఆగకూడదన్న తాత మాటనే అంకెల్లో రాశాను. మళ్ళీ లెక్క కట్టిస్తే ఈసారి రేపల్లెకు సున్నా వచ్చింది.

ఈ లెక్క జవాబుతో పాటు రెండో పేజీ కూడా ఇస్తుంది. ఒక్కొక్క షరతు వల్ల మనకు ఎంత నష్టం పడుతోందో, దాన్ని కాస్త సడలిస్తే ఎంత కలిసివస్తుందో అందులో ఉంటుంది. షాడో ప్రైస్ అంటారు. లారీల షరతు ఎదుట చిన్న అంకె ఉంది. బాపట్ల డ్రయ్యర్ ఎదుట ఇంకొంచెం పెద్దది. నేను చేర్చిన ఆఖరి వరుస ఎదుట ఉన్న అంకె ముందు మిగతావన్నీ కలిపినా తక్కువే. తాత నియమం ఖరీదు బస్తాకింతని అక్కడ రాసి ఉంది.

మొదటి పేజీ ఒక్కటే ప్రింటు తీశాను.

అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరేరా, లెక్క కట్టింది నువ్వు. నాకేం తెలుసు?" అన్నాడు. రెండో పేజీ ఒకటి ఉంటుందని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

రేపల్లెలో చెప్పడానికి నేనే వెళ్ళాను. పారిపోయానన్న మాట రాకూడదని వెళ్ళాను. మేస్త్రి ఆ కాగితం చేతిలోకి తీసుకోలేదు.

"లెక్క చెప్పిందా బాబుగారూ, తమరు చెప్తున్నారా?"

"లెక్క చెప్పింది మేస్త్రీ."

డ్రయ్యర్ వైపు చూశాడు. "అయితే సరేనండి. మనిషి మాటైతే కాళ్ళావేళ్ళా పడి బతిమాలేవాణ్ణి. లెక్కనేం బతిమాలతాం?"

మిషన్లు విప్పే పని ఇంకెవరికీ ఇవ్వొద్దని అడిగి, ఆయనే విప్పాడు. ఒక్క బోల్టు పోకుండా గోనె సంచుల్లో కట్టి, ఏది ఎక్కడిదో సుద్దతో రాసి తెనాలి పంపాడు. తరువాతి కోతల్లో అకాల వర్షాలు పడ్డాయి. పల్లపు ఊళ్ళ వడ్లు తడిసి తెనాలి వచ్చాయి. మా గేటు ముందు లారీల్లోనే మొలకలెత్తాయి. కూత మాత్రం రోజుకు రెండుసార్లు వేయించాను. ఇంకో ఏడాది తిరక్కుండా తెనాలి మిల్లు కూడా పోయింది. ఇప్పుడు అక్కడ ఒక కల్యాణ మండపం ఉంది. బాపట్ల అన్న వాటాకు వెళ్ళింది.

నేను అంగలకుదురులో ఒక అద్దె వాటాలో ఉంటూ, వడ్లమూడి దారిలో ఒక కాలేజీలో ఈ పాఠమే చెబుతున్నాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. అది గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మొన్నీమధ్య క్లాసులో మా మిల్లుల లెక్కనే ఊళ్ళ పేర్లు తీసేసి, తెనాలికి 'ఎ', బాపట్లకు 'బి', రేపల్లెకు 'సి' అని పెట్టి ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, ఈ 'ఎ' మిల్లు షరతు ఎందుకండీ? లారీల వల్ల కాదు, డ్రయ్యర్ వల్ల కాదు. అది తీసేస్తే 'సి' మిల్లు మూయక్కర్లేదు కదండీ?"

"అది యజమాని పెట్టిన షరతు."

"అయితే ఆయన్ని అడగాలి సార్, ఎందుకు పెట్టాడో!"

క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం పాత ఫైలు తెరిచి రెండో పేజీ ప్రింటు తీశాను. ఆదివారం పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. తెనాలి నుంచి ఆ లైను రేపల్లెతో ఆగిపోతుంది. దాని అవతల పోవడానికి రైలు లేదు.

మేస్త్రి స్టేషనుకు దగ్గర్లోనే చిన్న పిండిమర పెట్టుకున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. నన్ను చూడగానే మర ఆపి, స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. కాగితం తీసి జరిగింది జరిగినట్టు చెప్పాను. "లెక్క మీ మిల్లును మూయమనలేదు. నేను మూయమన్నాను," అన్నాను. ఆయన్ని మీరనడం నాకు అదే మొదటిసారి.

"ఆ వరుస చేర్చకముందు లెక్కలో మన రేపల్లెకి ఎంతుందండీ?"

"నిండుగా ఉంది. రోజూ."

"డ్రయ్యర్ ఆలస్యం, ఊక, నూక, అన్నీ వేసినాకనేనా?"

"అన్నీ వేసినాకే."

ఆయన పిండి అంటిన చేతుల్ని చాలాసేపు తుడుచుకున్నాడు.

"మా ఇంటిది పోయేదాకా అంటానే ఉందండీ. నీ నోరే మిల్లు మూయించింది, ఆ డ్రయ్యర్ సంగతి మింగితే నీ సొమ్మేం పోయేదని. హమాలీలైతే ఇప్పటికీ నిజాయితీ సాయిబంటారు, ఎకసెక్కానికి. నేనూ అదే అనుకున్నా. నలభై కుటుంబాల కూడు నా నోటితో పోగొట్టానే అనుకున్నా."

అది నాకు తెలియదు. మిల్లు పోగొట్టిన బాధ ఒక్కటే నాదనుకున్నాను. నేను చేసిన తప్పును ఇన్నేళ్ళూ ఆయన తన తప్పనుకుని మోస్తున్నాడని ఒక్కసారి కూడా తోచలేదు. ఏం చెయ్యమంటారని అడిగాను.

"నాకేం వద్దండీ. పక్కనే టీ కొట్టు. మనవాళ్ళు ముగ్గురు నలుగురుంటారు. ఇదే మాట వాళ్ళ ముందు చెప్పండి."

మా వంశంలో ఎవరూ హమాలీల ముందు నిలబడి తప్పొప్పుకోలేదు. రైలుకు టైమవుతోందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయినా ఆయన వెనకే నడిచాను.

ముగ్గురున్నారు. నన్ను గుర్తుపట్టి లేచారు. నిలబడే చెప్పాను, ఆ వరుస ఎదుట ఉన్న అంకె చదివి వినిపించాను. వాళ్ళలో పెద్దాయన గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"మా సాయిబుని ఇన్నేళ్ళు తిట్టాం గదయ్యా! ఆ తిట్లన్నీ ఇప్పుడెవరికి పొయ్యమంటారు?"

"నాకే," అన్నాను.

"మీకా? మీరు మాకెప్పుడు దొరికారయ్యా తిట్టడానికి?"

అతను నావైపు ఇంక చూడలేదు. బల్ల మీద కాస్త జరిగి మేస్త్రికి చోటిచ్చాడు. "కూకో సాయిబూ," అన్నాడు. ముందు 'నిజాయితీ' అన్న ఎకసెక్కం మాట తగిలించలేదు. మేస్త్రి కూర్చోబోతుంటే మర దగ్గరి నుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది, పిండి ఎప్పుడు పడతావు తాతా అని.

"ఆ కాగితం వీళ్ళ దగ్గర ఉంచండి బాబుగారూ," అని మేస్త్రి లేచి వెళ్ళాడు. కాగితాన్ని బల్ల మీద పెట్టాను. పెద్దాయన ఎగిరిపోకుండా దాని మీద తన టీ గ్లాసు పెట్టాడు. బల్ల మీద ఇంకొకరికి చోటుంది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. మర మొదలైన చప్పుడు వినిపించేదాకా నేను అలాగే నిలబడి ఉన్నాను.