మీటరమ్మ, చీమల సంఘం

మా అత్త గురించి ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. రంగుల మిల్లు యజమానిని ఆవిడ బాయిలర్ గదిలోకి పిలిచి, తలుపు మూసి, బయట గొళ్లెం పెట్టి, సంతకం పెడితే గానీ వదలనందని. మొదట టీ కొట్టు దగ్గర విన్నాను. బస్సులో విన్నప్పుడు గొళ్లెం పోయి తాళం వచ్చింది. కూరగాయల కొట్టుకి చేరేసరికి తాళంచెవి అత్త చేతిసంచిలో ఉంది.

"మనిషి కాదమ్మా, పోలీసు స్టేషను," అంది కూరగాయలావిడ. నేను ఆవిడ మేనకోడలినని ఆమెకి తెలియదు. నేను తలూపి, సంచి తీసుకుని వచ్చేశాను. ఎదురు చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

అత్త మా నాన్నకి అక్క. కరెంటు ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైంది. ఊళ్లో అందరూ మీటరమ్మ అంటారు. ఆ రోజుల్లో ఆవిడ వీధి మొదట్లో కనిపిస్తే చాలు, షాపులవాళ్లు గబగబా ఫ్యాన్లు ఆపేసేవారట, ఆ అయిదు నిమిషాలకే నెల బిల్లు తగ్గిపోతుందన్నట్టు. ఇప్పటికీ ఆవిడ తలెత్తుకునే నడుస్తుంది. గర్వం కాదు. మీటర్లు గోడల మీద ఎత్తుగా ఉంటాయి, చూపు అక్కడికి అలవాటు పడిపోయింది. దాంతో గడపలన్నీ తన్నుకుంటుంది. మా ఇంట్లో ఆవిడ బొటనవేలి దెబ్బ తినని గడప లేదు.

ఉద్యోగంలో ఉండగా ఒకరోజు బేకరీ ముందు నిలబడి మీటరు చూస్తుంటే, పక్క ప్రెస్సులోంచి కేకలు వినిపించాయట. అచ్చు వేసిన కాగితం తేమకి ఆరడం లేదని ప్రెస్సు మాస్టారు పనివాళ్ల మీద విరుచుకుపడుతున్నాడు. ఇటు చూస్తే బేకరీ బాబాయి పొయ్యి వేడికి తట్టుకోలేక కిటికీలో తల పెట్టి ఊపిరి పీలుస్తున్నాడు. ఇద్దరికీ మధ్య ఒకటే గోడ.

"ఇటు వేడితో చస్తున్నావు, అటు వేడి లేక ఆయన చస్తున్నాడు. మధ్యలో ఈ గోడ ఎవరికి కాపలా?" అని అడిగింది అత్త.

గోడకి పైన చిన్న కన్నం పెట్టి రేకు గొట్టం దూర్చారు. మాస్టారి కాగితం ఆరింది. ఆరబెట్టే యంత్రం అటకెక్కింది. బేకరీలో పనివాళ్లు చొక్కాలు తొడుక్కున్నారు. సంఘం పుట్టింది ఆ కన్నంలోంచే.

రిటైరైన ఏడాది అత్త మునిసిపాలిటీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఈ చుట్టుపక్కల చిన్నా పెద్దా వ్యాపారాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కరెంటు, నీళ్లు, సామాను వృథా కాకుండా చూసుకోవాలని, ఒకరు పారేసేది ఇంకొకరికి పనికొచ్చేలా కుదర్చాలని అడిగింది. కొన్నేళ్లపాటు ఖర్చులకి డబ్బు ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు. డబ్బుతోపాటు ఒక పేరు కూడా ఇచ్చారు: ప్రాంతీయ వ్యాపారుల వనరుల పరిరక్షణ భాగస్వామ్య సమాఖ్య. బోర్డు రాసేవాడు 'భాగస్వామ్య' దగ్గర చెక్క అయిపోయిందని మిగతాది కింద సన్నగా రాశాడు. సైకిలు షాపు మీద ఒక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు. నా చదువు మధ్యలో ఆగి ఇంట్లో కూర్చున్న రోజులవి. "ఊరికే గోడలు చూస్తూ కూర్చోకు, నాతో వస్తే చాలా గోడలు చూపిస్తాను," అని నన్ను వెంట తీసుకెళ్లింది. టీ ఫ్లాస్కు మోయడం, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో గుర్తుంచుకోవడం నా పని.

సంఘానికి అత్త పెట్టిన పద్ధతి ఒకటుంది. మీటింగు ఆఫీసులో జరగదు. వంతుల వారీగా ఒక్కొక్కరి పనిచోట జరుగుతుంది. కుర్చీలు ఉండవు. ఎవరి చోటైతే వాళ్లు, తాము పారేసేది ఏదో ఒకటి అందరికీ చూపించాలి. చూపించేదాకా ఎవరూ కూర్చోకూడదు, నోరు విప్పకూడదు. మొదట్లో జనం నవ్వారు. కానీ పదిమంది నోరు మూసుకుని నిలబడితే, ఆ చోటు యజమాని కళ్లు వాటంతట అవే మూలమూలలా వెతుకుతాయి. నేను ప్రతిసారీ చూశాను.

అన్నీ గోడ కన్నంలా కుదరలేదు. బేకరీలో ఖాళీ అయిన చక్కెర సంచులు ప్రెస్సుకి ఇప్పించింది అత్త, అచ్చైన పుస్తకాలు మూటలు కట్టుకోవడానికి. సంచులు దులపమని బాబాయికి చెప్పడం ఎవరికీ తోచలేదు. స్కూళ్లకి వెళ్లిన లెక్కల పుస్తకాల్లో పేజీకొక చీమల బారు.

"పిల్లలకి కూడికలు నేర్పడానికి చీమల్ని పంపావా, మీటరమ్మా?" అని మాస్టారు వీధిలో నిలబడి అరిచాడు. "కూడికలేం ఖర్మ, గుణకారాలే చేస్తున్నాయి లోపల!"

ఆ రోజు నుంచి మాకు చీమల సంఘం అనే పేరు ఖాయమైంది. మాస్టారు సంఘంలోంచి వెళ్లిపోయాడు. అత్త మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు పెయింటరుని పిలిచి, ఆ పొడుగు పేరు మీద పెద్ద నల్ల చీమని వేయించింది. "ఎలాగూ అంటున్నారు. మనమే అనుకుంటే వాళ్లకి ఏం మిగుల్తుంది?" అంది. మాస్టారు అటుగా వెళ్తూ బోర్డు చూసి, నవ్వు ఆపుకోలేక మెట్లెక్కి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు.

మునిసిపాలిటీ డబ్బు ఆగే రోజు దగ్గర పడింది. చందా వేద్దామంది బేకరీ. అత్త ఒప్పుకోలేదు. "ముందు మిగలాలి, తర్వాత ఇవ్వాలి. బిల్లులో తగ్గినదాంట్లో పదో వంతు సంఘానిది. తగ్గకపోతే మన టీ మనం తాగి వచ్చేద్దాం," అంది. దాంతో గది అద్దె, మా జీతాలు గడుస్తాయి. కానీ లాండ్రీ అక్క సంగతే అందరి గుండెల మీద కుంపటి.

లాండ్రీ అక్క ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. నీళ్లు కాచే ఖర్చు పెరిగి పెరిగి, వచ్చేది గ్యాసుకే పోతోంది. "ఈ నెలాఖరుకి షట్టరు దించేస్తాను మీటరమ్మా, నాతోపాటు పనిచేసే ఆడవాళ్లకి కూడా చెప్పేశాను," అంది. ఆమె గోడకి అవతలే రంగుల మిల్లు. అక్కడ రంగు తొట్లలోంచి పగలంతా వేడినీళ్లు కాలవలోకి పోతుంటాయి. ఆ నీళ్లు వెళ్లే గొట్టాన్ని మంచినీళ్ల ట్యాంకులోంచి పోనిస్తే, రంగు అంటకుండా వేడి మాత్రం దిగుతుంది. ఆ నీళ్లు లాండ్రీకి పంపొచ్చు. ట్యాంకుకీ పైపుకీ ప్రాంతీయ అభివృద్ధి నిధివాళ్లు డబ్బు ఇస్తామన్నారు. ఒకటే షరతు: నెలాఖరులోగా మిల్లు యజమాని సంఘంలో చేరి సంతకం పెట్టాలి. ఆయన చేరకపోతే లాండ్రీ ఉండదు. లాండ్రీనే నిలబెట్టలేని సంఘాన్ని రేపు ఎవరు నమ్ముతారు?

మిల్లు గేటు దగ్గర మేనేజరు మమ్మల్ని చూడగానే నీళ్లు నమిలేవాడు. "పెద్దాయన ఊళ్లో లేరండి." మర్నాడు, "ఊళ్లోనే ఉన్నారు గానీ తీరిక లేదండి." ఆ మర్నాడు, "ఉత్తరం రాసి ఇవ్వండి, చూస్తారు."

"ఉత్తరాలు వద్దు బాబూ," అంది అత్త. "సంతకం కూడా వద్దు. ఈసారి మా మీటింగు మీ బాయిలర్ గదిలో పెట్టుకోనివ్వండి చాలు. ఆయన వచ్చి నిలబడాలి. టీ మేమే తెచ్చుకుంటాం."

ఒక్కసారి అందరి ముందూ కాదని చెప్పేస్తే ఈ చెవిలో జోరీగ వదుల్తుందని పెద్దాయన అనుకున్నారట. ఆయనే తర్వాత చెప్పారు. సరే రమ్మన్నారు.

బాయిలర్ గది చిన్నది. లోపల అత్త, బేకరీ బాబాయి, ప్రెస్సు మాస్టారు, లాండ్రీ అక్క, ఇంకో నలుగురు సర్దుకుని నిలబడ్డారు. నాకు చోటు లేదు. బయట ఇటుకల దొంతర్ల మీద ఒక వెడల్పాటి బల్ల ఉంది, పనివాళ్లు గాలికి కూర్చునేది. ఫ్లాస్కు పక్కన పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. అక్కడి నుంచి లోపల అందరూ కనిపిస్తారు. బల్లకి కింద ఏదో ఇనుప ముక్క ఉంది, కాలు ఊపినప్పుడల్లా పిక్కకి తగిలేది.

పెద్దాయన ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో వచ్చారు. వెనక మేనేజరు.

"చూడండమ్మా, మీ పద్ధతి విన్నాను," అన్నారు నిలబడుతూనే. "మా మిల్లులో పారేసేది ఏమీ లేదు. నూలుపోగు దగ్గర్నుంచీ అమ్ముకుంటాం. కాబట్టి..."

"సరేనండి. మీరు నిదానంగా చూసి చెప్పండి," అంది అత్త. అంతే. నోరు మూసుకుంది. మిగతా అందరూ మూసుకున్నారు.

పెద్దాయన ఎదురు చూసింది వాదన. మాటకి మాట చెప్పడానికి సిద్ధమై వచ్చిన మనిషి, మాటే లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు తడుముకున్నారు. చొక్కా వీపుకి అతుక్కుంది. లాండ్రీ అక్క చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తోంది. మాస్టారు ఏదో జోకు వేయబోయి, అత్త చూపు తగిలి మింగేశాడు. ఈయన ఇప్పుడే వెనక్కి తిరిగి వెళ్లిపోతే?

"సార్, బయటికి వెళ్దామా? మీకు పడదు," అన్నాడు మేనేజరు.

"ఆగవయ్యా." ఆయన తల పక్కకి వంచారు. "ఆ చప్పుడేంటి?"

అందరూ ఊరుకున్నారు గనక వినిపించింది. లేకపోతే ఆ గదిలో వినిపించేది కాదు. బాయిలరు దగ్గర పనిచేసే తాత చెప్పాడు. "మన నీళ్లే బాబుగారూ. తొట్లలోవి. కాలవలోకి పోతన్నాయి."

పెద్దాయన గది వెనక్కి వెళ్లి వంగారు. కళ్లద్దాలు ఆవిరికి తెల్లబడ్డాయి. తీసేసి, గొట్టం మీద చెయ్యి వేశారు. వెంటనే లాగేసుకున్నారు.

"ఇంత వేడిగానా? రోజూనా?"

"సెలవు రోజు తప్ప రోజూనే బాబుగారూ."

ఆయన చెయ్యి విదిలించుకుంటూ నిలబడ్డారు. తన మిల్లులోనే ఉన్న ఆ మూలకి ఎన్నేళ్లయింది వచ్చి అని మేనేజరుని అడిగారు. మేనేజరు తాత వైపు చూశాడు. అప్పుడు పెద్దాయన మా వాళ్ల వైపు తిరిగి, బడిలో పిల్లాడిలా గొట్టం వైపు వేలు చూపించారు.

"నేను పారేసేది ఇదండి."

చూపించేశారు గనక ఇక మాట్లాడొచ్చు. లాండ్రీ అక్క ఒక్కసారిగా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. "అన్నగారూ, గోడకి ఇవతల మీరు కాలవకి వేడినీళ్ల స్నానం చేయిస్తున్నారు. అవతల నేను అవే నీళ్లు కాచుకోలేక కొట్టు మూసేస్తున్నాను!"

అందరూ గొల్లుమన్నారు. పెద్దాయన కూడా.

"మిల్లు ఒక్క పూట కూడా ఆగడానికి వీల్లేదు," అన్నారు.

"సెలవు రోజుల్లోనే వేస్తాం," అంది అత్త.

"నేను ఇవ్వాల్సింది?"

"ట్యాంకులోకి వెళ్లే మంచినీళ్లు వేడెక్కాక సగం మీ బాయిలరే తాగుతుంది. మీ బొగ్గు తగ్గుతుంది. తగ్గినదాంట్లో పదో వంతు."

"తగ్గకపోతే?"

"మా టీ కూడా మీకు పోసి వెళ్లిపోతాం."

ఆయన మేనేజరుని ముందుకి వంగమని, అతని వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశారు. మొహం కందగడ్డలా ఎర్రబడి, చొక్కా పిండితే కారేలా తడిసి, గేటులోంచి బయటికి నడిచారు. గేటు దగ్గర ఉన్నవాళ్లు చూసింది ఆ మొహాన్నే. మిగతా కథ వాళ్లే అల్లుకున్నారు.

పైపు వేశారు. మొదటిరోజు లాండ్రీలో కుళాయి తిప్పితే ముందు దగ్గింది, తర్వాత తుప్పు కక్కింది, ఆ తర్వాత పొగలు కక్కే నీళ్లు దుమికాయి. పనిచేసే ఆడవాళ్లంతా వంతులేసుకుని చేతులు పెట్టి చూశారు. బేకరీ బాబాయి బన్నులు తెచ్చి అందరికీ పంచాడు. "సంచి దులిపావా?" అని మాస్టారు అడిగాడు. ఆ షట్టరు నెలాఖరున దిగలేదు. తర్వాతి నెల ఆమె ఇంకో ఇద్దరిని పనిలో పెట్టుకుంది. మిల్లు నుంచి వచ్చిన మొదటి వాటా చూసి నిధివాళ్లు రెండో పైపుకి డబ్బు ఇస్తామని వాళ్లే కబురు పెట్టారు. పక్క ఊళ్ల నుంచి వ్యాపారులు చూడటానికి వస్తున్నారు. వచ్చినవాళ్లకి ఆ గొట్టాన్ని పెద్దాయనే స్వయంగా చూపిస్తారు. "చెయ్యి పెట్టండి, పెట్టండి," అంటారు, కాలుతుందని తెలిసే. సంఘంలో ఇప్పుడు చీమల్ని ఎవరూ ఎగతాళిగా అనరు. కొత్తగా చేరినవాళ్లు తమ బోర్డు మూలన చిన్న చీమ బొమ్మ వేయించుకుంటున్నారు.

కూరగాయలావిడ మాట అత్తకి చెప్పాను. పడీపడీ నవ్వింది.

"కాదని చెప్పకే పిచ్చిదానా. ఆ భయానికి ఇంకో ఇద్దరు చేరతారు," అంది. అంటూనే గడప తన్నుకుని అమ్మో అంది.

చెప్పనన్నాను గానీ, రాయనని అనలేదు. ఆ బాయిలర్ గదికి తలుపు లేదు. లోపలి వేడికి తట్టుకోలేక పనివాళ్లు ఎప్పుడో ఊడదీశారు. ఆ రోజు నేను ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్న బల్ల అదే. గొళ్లెం ఇంకా దానికే ఉంది.